ఇల్వా వదిలేసిన నూగు

ఆ అపార్ట్‌మెంటులో బట్టలుతికే గది నేలమాళిగలో ఉంది. ఇంటింటికీ ఓ వంతు. వంతు అయ్యాక నేల తుడవాలి, డ్రయ్యర్ ఫిల్టర్‌లో పేరుకున్న బూడిదరంగు నూగు తీసి పారేయాలి. అది నూలు కాదు, వారమంతా బట్టలకు పట్టిన అలసట. ఒంట్లోది ఒంట్లోనే ఉంటుంది గానీ బట్టలకంటిన మేరకు ఊడి అక్కడ చేరుతుంది. ఊస్టర్‌సుండ్ పట్టణంలో పాత డ్రయ్యర్లన్నీ అంతే. నూగు తీయకుండా వదిలేస్తే మాత్రం తర్వాతివాళ్ల బట్టలకు అంటుకుంటుంది. ఆ ఊళ్లో దొంగనైనా క్షమిస్తారేమో గానీ అలా వదిలేసినవాళ్లను క్షమించరు.

ఇల్వా సిటీ బస్సు నడుపుతుంది. ఏడాదిగా గాడిద చాకిరీ. మనుషులు చాలడం లేదని సెలవు రోజున కూడా పిలిచేవాళ్లు. ఆ వారం సరస్సు మీది వంతెన దగ్గర ఎర్ర దీపానికి ఆగి, ఆగినచోటే నిద్రపోయింది. వెనక కారు హారన్ కొడితే గానీ మెలకువ రాలేదు. బస్సు నిండా బడిపిల్లలు. డ్యూటీ దిగగానే ఆరోగ్య కేంద్రానికి పరిగెత్తితే, డాక్టర్ హెడ్డా రక్తపరీక్షలు చేయించి, "అన్నీ బాగానే ఉన్నాయి. కాస్త నడువు, విటమిన్లు వేసుకో" అంది. డాక్టరు రాయనిదే సెలవు లేదు. సోమవారం మళ్లీ అదే బస్సు, అదే వంతెన.

గురువారం ఉతుకులు పూర్తయ్యేసరికి ఇల్వాకు తల ప్రాణం తోకకొచ్చింది. బుట్ట మోసుకుంటూ పైకొచ్చి సోఫాలో కూలబడ్డాక గుర్తొచ్చింది, నూగు తీయలేదని. తర్వాతి వంతు ఆల్గోత్‌ది. రిటైరైన పోస్ట్‌మ్యాన్, నేల మీద నీటిచుక్క కనబడితే తలుపుకు చీటీ అంటించే రకం. గోరుచుట్టు మీద రోకటిపోటు. దిగి వెళ్దామనే అనుకుంది, కాళ్లు లేవలేదు.

మర్నాడు ఆల్గోత్ తలుపు తట్టాడు. ఆ డ్రయ్యర్‌లోనే ఆరిన స్వెటర్ వేసుకుని, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"తిట్టడానికొచ్చానమ్మాయ్. మెట్లెక్కేసరికి ఆ ఓపిక కూడా పోయింది."

"తప్పయింది. ముందు అది విప్పేయండి."

"ఆగు. పొద్దున కాఫీలో చెంచా పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నా. కాఫీ చల్లారిపోయింది. ఊరికే ఏడుపొచ్చింది. నీకు రోజూ ఇలాగేనా?"

ఇల్వా తలూపింది.

"దీంతోనే బస్సు నడుపుతున్నావా?"

"డాక్టరు ఏమీ లేదంది కదా."

"ఏమీ లేదా! కోటు వేసుకో. పద, ఆవిడకే తొడుగుదాం."

ఆరోగ్య కేంద్రంలో హెడ్డా వాదన పెట్టుకోలేదు. ఆల్గోత్ విప్పిచ్చిన స్వెటర్ తొడుక్కుని గదిలో అటూ ఇటూ నడిచింది. ఇద్దరూ ఆమె మొహమే చూస్తున్నారు.

"నాకేం తేడా తెలియట్లేదే. ఎప్పటిలాగే ఉంది" అంది.

ఇల్వాకు ఉన్న కాస్త ఆశా చచ్చిపోయింది. ఇక సోమవారం బస్సెక్కక తప్పదు. ఆల్గోత్ మాత్రం డాక్టరు మీంచి చూపు తిప్పలేదు.

"ఎప్పటిలాగే అంటున్నావా తల్లీ? అది వేసుకుని నేను నాలుగు మెట్లెక్కేసరికి గోడ పట్టుకున్నాను" అన్నాడు మెల్లగా.

హెడ్డా స్వెటర్ విప్పి ఒళ్లో పెట్టుకుంది. విప్పినా ఆమె ఒంట్లో అలసట ఏమీ తగ్గలేదు. కలం తీసి ఇల్వాకు వసంతం దాకా సెలవు రాసింది. కాగితం అందిస్తూ తల వంచుకుంది.

"మొన్న నువ్వు చెప్పినదంతా విన్నాను ఇల్వా. అది జబ్బని తోచలేదు. అందరూ ఇలాగే ఉంటారనుకున్నాను."

ఇల్వా కాగితం తీసుకుంది గానీ, కుర్చీలోంచి లేవలేకపోయింది. బయట వరండాలో జనం తమ పిలుపు కోసం కూర్చునే ఉన్నారు.

"మరి నీకెవరు రాస్తారమ్మా?" అనడిగాడు ఆల్గోత్.

హెడ్డా తర్వాతివాళ్లను పిలవబోయింది. పిలవడానికి ఓపిక లేకపోయింది.