ఎడమ మోకాలు

స్కానింగు గదిలో ఏసీకి ఆరేళ్ళ దుర్గ వణుకుతోందంటే అర్థముంది. దాని తల్లి సత్యప్రియకి మాత్రం చెమటలు పడుతున్నాయి. ఐ.పోలవరం నుంచి అమలాపురం వచ్చేదాకా బస్సులో ఆవిడ మొక్కని దేవుడు లేడు. కోరిక ఒక్కటే. తను చేసిన పని ఆ మెషీనులో కనపడకూడదు.

మూడు నెలలుగా పిల్ల ఎడమ మోకాలు వాచిపోయి ఉంది. పొద్దున్న లేవగానే కాలు చాపలేదు, మధ్యాహ్నానికి వీధిలో ఆడుకుంటుంది. ఇంకేం, బడి ఎగ్గొట్టడానికి వేషాలని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. కట్లు కట్టే మంగరాజు చూసి, నరం పట్టేసిందన్నాడు. రోజూ పొద్దున్నే కొబ్బరినూనె వెచ్చచేసి రాసి, మడమ పట్టుకుని కాలు సాగేదాకా లాగమన్నాడు. ఏడ్చినా వదలొద్దన్నాడు. సత్యప్రియ వదల్లేదు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. పన్నెండో రోజు మోకాలు టక్కుమంది. పిల్ల అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆ రోజుతో లాగడం మానేసింది, నిద్ర కూడా మానేసింది.

పిల్లల కీళ్ళ డాక్టరు ప్రేమ్ కుమార్ గారు ముందే అడిగారు, “దెబ్బేమన్నా తగిలిందా అమ్మా? ఎవరైనా కాలు లాగేరా?” అని.

ఆయన అడిగింది ఒక్కసారి, ఈవిడ లేదని చెప్పింది మూడుసార్లు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే అదే.

ఇప్పుడాయనే పిల్ల మోకాలికి చల్లని జెల్లు రాసి, చేతిలోని పరికరాన్ని దాని మీద జరుపుతున్నారు. తెరంతా బూడిదరంగు గీతలు. మధ్యలో నల్లటి మచ్చ కనపడగానే ఆయన చెయ్యి ఆగింది. సత్యప్రియ గుండె కూడా ఆగినంత పనైంది.

“అదేంటండీ?”

“కీలులో నీరు చేరిందమ్మా.”

ఇక దాచడం ఆవిడ వల్ల కాలేదు. “నేనే లాగేనండీ. పన్నెండు రోజులు లాగేను. టక్కుమని చప్పుడొచ్చింది. నా బిడ్డ కాలు నేనే విరిచేసుకున్నానండీ.”

డాక్టరు జెల్లు తీసి కుడి మోకాలికి రాశారు.

“ఆ కాలు మంచిదేనండీ. నొప్పే లేదు దానికి.”

“దీన్ని కూడా లాగేరా?”

“అయ్యో, ముట్టుకోనే లేదండీ.”

తెర మీద అక్కడా నల్లటి మచ్చే, కాస్త చిన్నది.

“చూసేరా? మీరు ముట్టుకోని కాల్లోనూ ఉంది. ఎముకేం విరగలేదమ్మా. ఇది కీళ్ళవాతం, చిన్నపిల్లలకీ వస్తుంది. మీరు లాగినందుకొచ్చింది కాదు. అలా లాగడం మాత్రం తప్పే. రెండు కాళ్ళకీ మందులు మొదలెడదాం.”

“ఆయ్,” అంది సత్యప్రియ. తన తప్పు కాదన్న మాట చెవిన పడగానే గుండెల మీంచి బండ దింపినట్టయింది, సంతోషం కూడా వేసింది. బిడ్డకి రెండో కాలూ పాడైందని వింటూ సంతోషించింది తల్లి! అది తెలిసొచ్చాక అంతకుముందు లేనంత భయం పట్టుకుంది. రెండు కాళ్ళూ. ఆరేళ్ళ పిల్ల.

పెద్దవాళ్ళ మాటల్లో దుర్గకి అర్థమైంది ఒక్కటే. కుడికాలు మెల్లగా గౌను కిందకి ముడుచుకుని, తల్లి చేతుల వైపు చూసింది.

“అమ్మా, రేపట్నించి దీన్ని కూడా లాగుతావా?”