మునస్వామి చూసిన నీళ్లు

చిక్కమ్మ పొద్దున్నే పాలు పిండి, డెయిరీకి పోసి వచ్చి, నులక మంచం పక్కన నేలమీద కూర్చుని మొగుడికి సంగటి ముద్దలు తినిపించేది. మునస్వామి మంచం మీద బోర్లా పడుకుని, తలను అంచు బయటికి వేలాడేసి మింగేవాడు. కుడి కన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్న ఒక్క ఎడమ కంటికి ఆవు కొమ్ము తగిలి లోపలి పొర చిరిగి ఊడింది. కుప్పంలో డాక్టర్ హేమలత ఆపరేషన్ చేసి, పొరను అదిమి పట్టేందుకు కంట్లో గ్యాసు నింపింది. పదిహేను రోజులు తల ఎత్తకూడదు, ఎత్తితే పొర మళ్లీ ఊడుతుంది, ఆ తర్వాత తన చేతిలో ఏమీ లేదని ఖరాఖండిగా చెప్పింది.

మూడో రోజు మునస్వామికి నేల కింద నీళ్లు కనిపించాయి.

"రాతి సందులో పారతాండాయి మే," అన్నాడు.

బైరెడ్డిపల్లె చుట్టుపక్కల బోర్లు ఎండినవాళ్లంతా "మాకూ రవ్వంత సూడప్పా" అని వచ్చారు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు చూసే లక్ష్మీపతి ఆ టెంకాయను ఇంట్లో చట్నీకి ఇచ్చేసి వేరే పని వెతుక్కున్నాడు.

చిక్కమ్మ అందరినీ తిప్పి పంపింది. మరిది జయచంద్రను మాత్రం పంపలేకపోయింది.

"మల్బరీ ఎండిపోతాండాది వదినా. బోరు బండి రేపే వస్తాది. అన్న సూసేది నేలనే కదా, తల ఎత్తే పనేముండాది?"

ఆ మాటకు ఆమె లొంగింది. వంగిన మనిషిని చేయి పట్టి చేనంతా నడిపించారు. ఒకచోట ఆగి, "ఈడ. ఎనిమిది నూర్ల అడుగులకు ఉండాది," అన్నాడు.

మరునాడు సరిగ్గా అక్కడే గంగ తాటిచెట్టంత ఎత్తు లేచింది. నీళ్లు పడితే చోటు చూపిన మనిషికి దండ వేయడం ఆ ఊళ్లో ఆనవాయితీ. మునస్వామిని కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం పట్టి తల ఎత్తారు. అందరూ సెల్‌ఫోన్లు తీశారు.

"వద్దప్పా, కన్ను పోతాది!" చిక్కమ్మ అడ్డం పడింది.

"ఒక్క ఫోటో వదినా," అన్నాడు జయచంద్ర.

ఒక్కటి అయింది, ఊరంతా వరస కట్టింది. పొద్దు వాలేదాకా ఆయన గడ్డం కింద ఎవరిదో ఒకరి చేయి ఉంది. జన్మలో మొదటిసారి దండ వేయించుకున్న మునస్వామి కూడా వద్దనలేదు, పిచ్చి మనిషి.

వారానికి కన్ను చీకటైంది. డాక్టరమ్మ లైటు వేసి చూసి, కాగితాలు మడిచి ఇచ్చేసింది.

నీళ్లు మాత్రం కనిపిస్తూనే ఉన్నాయి, కూర్చున్నా, నిలుచున్నా. ఎదురుగా ఉన్న పెళ్లాం మొహమే కనిపించదు. నెల తిరక్కుండా జయచంద్ర నలుగురు పుంగనూరు రైతులను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఇంక భయమేముండాది వదినా," అన్నాడు ధైర్యం చెప్పేవాడిలా. "ఇప్పుడు తల ఎత్తినా పోయేదేం లేదు కదా."

చిక్కమ్మకు వాణ్ని చంపేయాలనిపించింది. నోరు తెరిచేలోపు మునస్వామి మంచం దిగి, చెప్పుల కోసం కాళ్లతో తడుముకుంటున్నాడు.