తల మీద తేలే మాటలు

"రేపు ఆస్పత్రికి వెళ్ళాలండీ. రొమ్ములో గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకి పంపుతారట. వెంట ఒకరుండాలన్నారు" అన్నాను, పొయ్యి గట్టు తుడుస్తూ.

"ఊఁ" అన్నాడు నా భర్త ఫోన్‌లోంచి తలెత్తకుండా. "నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?"

అత్తగారు మాత్రం విన్నారు. "ఆడపుట్టుక పుట్టాక గడ్డలూ కంతులూ మామూలేనమ్మా. నాకు రాలేదూ, పోలేదూ?"

గుడ్డ పిండి ఆరేశాను. ఈ వారంలో చాలాసార్లే చెప్పాను.

కథ నడిచే వీడియో గేముల్లో మాటలు తెర మీద ఎక్కడ కనపడాలో నిర్ణయించడం నా ఉద్యోగం. ముఖ్యమైన మాట అడుగున పెట్టెలో వస్తుంది. బటన్ నొక్కేదాకా ఆట కదలదు. ముఖ్యం కానిది మాట్లాడే మనిషి తల మీద చిన్న అక్షరాల్లో తేలి, ఆవిరిలా పోతుంది. ఇప్పుడు చేస్తున్న ఆటలో ఒక తల్లి ఉంది. కొడుకు వంటింట్లోకి వచ్చినప్పుడల్లా "ఒంట్లో బాగోలేదురా" అంటుంది. "అమ్మ మాటలకి కూడా ఆట ఆపుతామా? తల మీద తేలనివ్వండి" అన్నాడు మా టీమ్ లీడర్. తేలనిచ్చాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు. అదే ఇప్పుడు భయపెడుతోంది. మా వంటింటిని నా చేత్తో నేనే గీశాను.

ఆఫీసుకి వెళ్ళేసరికి గోల. ఆట మధ్యలో తల్లి చనిపోతుంది. ఆడి చూసినవాళ్ళు మండిపడుతున్నారు: "ఇదేం మోసం? ముందే చెప్పాలి కదా!"

"చెప్పింది" అన్నాను. "అందరూ ఆమె పక్కనుంచే వెళ్ళి ఫ్రిజ్ తెరుచుకున్నారు."

లీడర్ నవ్వాడు. "చెప్తే చాలుతుందా మేడమ్, కనపడొద్దూ? పెట్టెలోకి మార్చేయండి. చిటికెలో పని."

"మార్చను."

"ఆట బోల్తా కొడితే మీ మెడకే చుట్టుకుంటుంది."

"చుట్టుకోనివ్వండి."

తల్లి బతికున్నంతకాలం ఆమె మాటల్ని ఉన్నచోటే ఉంచాను. మార్చింది ఆ తర్వాతే. ఆమె పోయాక, ఖాళీ వంటింట్లో, ఆమె అప్పటిదాకా అన్న మాటలన్నీ పొయ్యి పైన ఒకదాని కింద ఒకటి నిలబడి ఉంటాయి. ఏ బటన్ నొక్కినా పోవు.

మర్నాడు పొద్దున్న నేను సంచీ తగిలించుకుంటుంటే నా భర్త అద్దంలోంచే అడిగాడు. "ఇంత పొద్దున్నే ఎక్కడికి? ముందే చెప్పొచ్చు కదా!"

నీలం చొక్కా అతనికి బాగుంది. ఇస్త్రీ మడత ఎక్కడా చెదరలేదు.

మళ్ళీ చెప్పలేదు. చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా లాగి బయల్దేరాను.