వెలుగు మారిన మామిడికొమ్మ

శరత్సమయము ప్రవేశించి మేఘమాలిన్యము వాసిన గగనతలమున బాలభానుడు పొడచూపి నీలాద్రిపుర సంస్థానపు కొలువుకూటమందలి తూరుపు గవాక్షము దూరి ఉత్తరపు గోడపై చిత్రితమైన ఫలభరానత మామిడికొమ్మను కోమలకిరణములతో తడవిన ప్రతిప్రభాతమునను చూపరులకు నోరూరుచుండెను. ఆ కొమ్మను వ్రాసినవాడు వృద్ధచిత్రకారుడు సోమోజు. వెలుగు వచ్చు వైపున పసుపును పలుచగా పూసి అది తడియారక మునుపే ఎఱుపును దానిలో కలిపి ఎదుటి వైపునకు పోను పోను దీపపుమసిని తెరలు తెరలుగా దించి చదునైన సున్నపుగోడపై పండును ఉబ్బించిన నేర్పు అతనిది. ఇప్పుడాతని కన్నులకు పొరలు క్రమ్మి పగలును రేయియు నొక్కటియైనవి. లోకమందలి రంగులను శిష్యుడైన భద్రోజు చెప్పగా వినియే యెఱుగుచుండెను.

సంస్థానాధీశుడగు మార్తాండరాయణింగారికి అన్నము లేకున్నను జరుగునుగాని పొగడ్త లేనిదే పూట గడవదు. ఆయన యొకనాడు పడమటి కొనయందలి సింహాసనమున కూర్చుండి గోడను తేఱిపాఱజూచి బొమలు ముడిచెను.

“ఏమిరా భద్రోజూ! ఈ పండ్లు కిటికీకి మెఱుపు చూపి మాకు నీడ చూపుచున్నవేమి? ఈ కొలువునకు వెలుగిచ్చునది మేమా ఆ గోడకన్నమా?”

“మహాప్రభూ! సూర్యుడు తూరుపుననే గదా ఉదయించుచున్నాడు.”

“ఉదయించనిమ్ము. నీవు మాత్రము మెఱుపును మా సింహాసనము వైపునకును నీడను కిటికీ వైపునకును మార్చుము. నీ ముంజేతికి స్వర్ణకంకణము తొడిగింతుము.”

అది తప్పని భద్రోజునకు తెలియును. గురువు చెమటోడ్చి ఉబ్బించిన పండ్లు తన కుంచెతో చెడుననియు తెలియును. అయినను కంకణము తొడిగిన చేయి యతనికి కలలో కనబడెను. మఱునాడే తెర కట్టించి గురువు దించిన నీడలపై పసుపు పూయ మొదలిడెను.

తెర తొలగించిన యుదయమున సూర్యుడు రాజాజ్ఞ నెఱుగనివాడై ఎప్పటివలె తూరుపునుండియే వచ్చెను. వెలుగొకవైపునను వ్రాసిన మెఱుపు వేఱొకవైపునను ఉండుటచే పండ్లన్నియు లోపలికి క్రుంగి గోడనిండ ఎలుకలు త్రవ్వినట్లు గుంతలు పడెను. అంత వికారమును చూచియు కొలువువారందఱు ముక్కున వ్రేలు వేసికొని “అద్భుతము! అద్భుతము!” అనిరి. దివానుగారు తాంబూలరసము గడ్డముపై కారుచుండగా ఒక గుంతలోని పండును కోయబోవునట్లు చేయి చాచెను. ఛీ, ఇవి నాలుకలా చీపురుకట్టలా యని భద్రోజునకు రోత పుట్టెను. ఆ రోతతోనే ముంజేయి చాచి కంకణము తొడిగించుకొనెను.

అంతలో కఱ్ఱ తాటించుకొనుచు సోమోజు కూటము ప్రవేశించెను.

“నాయనా భద్రోజూ! మన కొమ్మను మరల వ్రాసితివట. వీరి మాటలు నాకేల? నీ నోట వినవలెనని వచ్చితిని. పండు ఉబ్బియున్నదా?”

రాజుగారు సింహాసనమునుండి చూచుచుండిరి. భద్రోజు గోడను చూడలేదు. గురువు మొగమును చూడలేదు.

“అద్భుతముగా నున్నది గురువుగారూ” అనెను. అది దివానుగారి నోటి యెంగిలి మాటయే. తన నోటినుండి వెడలిన దానిని వినినంతనే తననుజూచి తనకే రోత పుట్టెను.

శిష్యుని వ్రేళ్లను ముక్కుకడ చేర్చుకొని రంగువాసన చూచి దీవించుట ఆ వృద్ధునకు వాడుక. ఆనాడును తడవుకొనుచు చేయి చాచెను. వ్రేళ్లకంటె ముందు చల్లని బంగారము తగిలెను. అతడు అంటరానిదేదో అంటినట్లు అరచేతిని ఉత్తరీయమున తుడిచికొని తన మొగమునకు ఎండ వెచ్చగా సోకుచున్న దిక్కును పట్టుకొని తూరుపు వాకిట వెడలిపోయెను.