ఆయాసం

పొద్దున్నే ఆరింటికి గైడు సైకిళ్ళన్నీ వరసగా నిలబెట్టి ఒక్కోదాని టైరు బొటనవేలితో నొక్కి చూసింది. తర్వాత బ్రేకులు, తర్వాత చైన్లు. చైనుకి నూనె ఎక్కువైతే దుమ్ము పడుతుంది, తక్కువైతే కీచుమంటుంది. ఈ ముక్క అయిదు రోజుల టూరులో కనీసం పదిసార్లు చెబుతుంది, ఒక్కళ్ళూ వినరు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని ఇదే, పట్నాల నుంచి వచ్చినవాళ్ళని సైకిళ్ళ మీద కొండలు ఎక్కించి దింపడం. సామానంతా వ్యానులో వేసుకుని తమ్ముడు ముందు పోతాడు. వీళ్ళు రొప్పుకుంటూ కనుమ మీదికి చేరేసరికి భోజనం సిద్ధం చేసి కూర్చుంటాడు.

ఈసారి ఆరుగురు వచ్చారు. ఒక కొత్త జంట, ఒకే బ్యాంకులో పనిచేసే ముగ్గురు స్నేహితులు, ఒక పళ్ళ డాక్టరు. డాక్టరుకి అరవై దాటాయి, పొట్ట ముందుకొచ్చింది, సైకిలు మాత్రం సొంతం. "ఎవరూ ముట్టుకోవద్దు, సున్నితమైన సరుకు" అని మొదటిరోజే చెప్పేశాడు. ఒక సైకిలు తుడిచే బాధ తప్పిందనుకుని గైడు దాని జోలికి పోలేదు.

"అక్కా, నిన్న పాప ఫోన్ చేసింది," అన్నాడు తమ్ముడు సంచులు వ్యానులోకి విసురుతూ. "ఆదివారం వస్తావా అని అడిగింది."

"సీజను అయ్యాక వస్తానని చెప్పు."

"పోయిన నెలా అదే చెప్పాను. నా మీద విరుచుకుపడింది."

"నీ మీదే కదా, పర్లేదు."

పాప అంటే గైడు కూతురు, పదో తరగతి చదువుతోంది. మూడు కొండల అవతలి ఊళ్ళో హాస్టల్లో ఉంటుంది. గైడు భర్త ఎప్పుడో వేరే కాపురం పెట్టుకున్నాడు. ఆవిడకున్నది ఆ పిల్లా, ఈ తమ్ముడూ. పిల్లని చూసి నాలుగు నెలలైంది. సీజను ముగియడానికి ఇంకా రెండు నెలలుంది.

ఆ కొండల్లో పుట్టినవాళ్ళు మనిషి మొహం కంటే ముందు ఊపిరి వింటారు. ఎవరికైనా రోజులు దగ్గరపడితే వాళ్ళ కోసం కొండ వంగుతుంది. కంటికి ఎత్తు తగ్గినట్టేమీ కనిపించదు, ఎక్కేవాళ్ళకి ఆయాసం రాదు, అంతే. కొండ వంగిన మనిషి మరో ఏడాది చూడడు. చిక్కేమిటంటే, పక్కనున్నవాళ్ళందరికీ తెలిసిపోతుంది గానీ ఆ మనిషికి తెలియదు. వచ్చిన ఆయాసమైతే తెలుస్తుంది, రాని ఆయాసం ఎవరికి గుర్తుంటుంది? తలనొప్పి లేని రోజున తలకాయ సంగతి ఎవరూ తలుచుకోరు. ఎవరూ నోరు విప్పి చెప్పరు కూడా. అలా చెప్పడం అక్కడ పద్ధతి కాదు. ఆ మనిషితో మునుపటి కంటే కాస్త మంచిగా ఉంటారు, చెప్పిన జోకు బాగోకపోయినా నవ్వుతారు.

మూడో రోజు ఎక్కాల్సింది తొమ్మిది మలుపుల కొండ, టూరు మొత్తానికి గడ్డుది. రెండో మలుపు దాటకముందే కొత్త పెళ్ళికూతురు మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. బ్యాంకు స్నేహితులు సైకిళ్ళు దిగి తోసుకొస్తున్నారు. పళ్ళ డాక్టరు మాత్రం ఈల వేసుకుంటూ ఎక్కుతున్నాడు. ఆ పొట్టతో, ఆ వయసులో, ఊరి వీధిలో షికారుకెళ్ళినట్టు వెళుతున్నాడు. గైడు పక్కనే తొక్కుతూ చెవి ఒగ్గి వింది. చుక్క ఆయాసం లేదు.

నాలుగో మలుపులో ఒక టీ కొట్టుంది. కొట్టు నడిపే ముసలావిడ నోటికి అదుపు లేదు. ఏళ్ళ తరబడి గైడుని "వచ్చావా, మళ్ళీ ఎవర్ని చంపడానికి తీసుకొచ్చావే" అనే పలకరిస్తుంది. ఆ రోజు వీళ్ళ అలికిడి విని బయటికొచ్చి నిలబడింది. ఒక్క తిట్టూ తిట్టలేదు. లోపలికెళ్ళి తను కూర్చునే కుర్చీ తెచ్చి గైడు ముందు వేసి, చీర చెంగుతో తుడిచింది.

"కూర్చోమ్మా," అంది.

ముసలిదానికీ వినిపించిందన్నమాట అనుకుంది గైడు. కుర్చీ లాగి డాక్టరు వెనక వేసింది. "కూర్చోండి సార్, మీ కోసమే తెచ్చింది."

డాక్టరు దర్జాగా కూర్చున్నాడు. ముసలావిడ పొయ్యి దగ్గరికెళ్ళింది. టీ పోసి గైడు చేతికే ముందు ఇచ్చింది. అది తాగుతుండగానే ఇంకో గ్లాసు పోసింది.

"ఏంటీ, ఇంత మర్యాద ఎప్పట్నించి? జ్వరమేమైనా వచ్చిందా?" అంది గైడు.

ముసలావిడ కళ్ళు తుడుచుకుని, పొయ్యి పొగ అంది.

కొట్టు దాటాక గైడు మిగతావాళ్ళని ముందు పంపించి డాక్టరు పక్కన తొక్కసాగింది. ఆవిడకి తండ్రి గుర్తొచ్చాడు. పాల క్యాన్లు సైకిలుకి కట్టుకుని రోజుకి రెండుసార్లు కొండ ఎక్కే మనిషి. ఆవిడకి పదిహేడేళ్ళప్పుడు ఒకరోజు ఆయాసం లేకుండా ఇంటికొచ్చాడు. అమ్మ వింది, పిల్లలు విన్నారు, వీధంతా వింది. ఆయన మాత్రం, పాలు తగ్గే కాలంలో మా చెల్లెల్ని చూసి రావాలి అంటూనే ఉన్నాడు. చూడకుండానే పోయాడు. చావుకి వచ్చిన మేనత్త గుమ్మంలో నిలబడి, "అందరికీ తెలుసు కదా, ఒక్కళ్ళైనా చెప్పలేకపోయారా?" అని అడిగింది. చెప్పకూడదన్న ఆ పద్ధతి మీద గైడుకి అప్పట్నించీ ఒళ్ళు మంట.

"డాక్టరుగారూ, మీకు తప్పకుండా చూడాల్సినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"బోలెడుమంది. పై వారమంతా పేషెంట్లే."

"అది కాదు సార్." గైడు ఆరో మలుపు దగ్గర మొత్తం చెప్పేసింది. కొండ వంగడం, ఆయాసం రాకపోవడం, ఏడాది గడువు, తండ్రి సంగతి, అన్నీ. "ఇలా చెప్పకూడదంటారు. నేను చెప్పకుండా ఉండలేను. ఇంటికెళ్ళి మీ వాళ్ళని చూసుకోండి."

డాక్టరు బ్రేకు వేశాడు. మొహం సున్నం కొట్టినట్టయింది. రోడ్డు వారనున్న రాయి మీద కూలబడ్డాడు. తర్వాత ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"మీకొక మాట చెప్పాలి. నవ్వకూడదు." సైకిలుకి తగిలించిన నీళ్ళ సీసా మీద చెయ్యి వేశాడు. "ఇది సీసా కాదు, బ్యాటరీ. చక్రంలో మోటారుంది. నా కాళ్ళతోనే ఎక్కుతానని మా ఆవిడతో పందెం కట్టి వచ్చాను."

గైడు ముందు బిత్తరపోయింది. తర్వాత ఆ పెద్దమనిషి చెంప పగలగొట్టాలన్నంత కోపమొచ్చింది. ఆ పైన నవ్వొచ్చింది, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"ఆపండి ఆ దిక్కుమాలిన మోటారు! మీ ఆయాసం నా చెవులతో నేను వినాలి."

డాక్టరు మోటారు ఆపాడు. ఇరవై గజాలు పోకముందే కొలిమి తిత్తిలా రొప్పడం మొదలెట్టాడు. గైడుకి ఆ చప్పుడు సన్నాయిలా ఉంది. సంతోషం పట్టలేక ఒకటే కబుర్లు. కొండ దిగేటప్పుడు కళ్ళు మూసుకున్న లాయరు గురించి, వానలో గొడుగు పట్టుకుని తొక్కిన టీచరమ్మ గురించి, ఆగకుండా చెబుతూనే ఉంది. ఎనిమిదో మలుపులో డాక్టరు కాలు కింద పెట్టేశాడు.

"మీరు... ఇందాకట్నించి... మాట్లాడుతూనే ఉన్నారు... ఒక్కసారైనా మీకు ఊపిరి..."

అంటూ గైడు మొహంలోకి చూశాడు.

"అలవాటండీ," అంది గైడు. ఆ మాట తన చెవినే పడింది. ఇరవై రెండేళ్ళలో ఎనిమిదో మలుపు దగ్గర ఆవిడ నోట మాట వచ్చింది లేదు. ఎవరేమడిగినా ఆగమన్నట్టు వేలు చూపించేది. గుండెల మీద చెయ్యి వేసి చూసుకుంది. కుర్చీలో కూర్చున్నంత నిదానంగా ఉంది ఊపిరి. ముసలావిడ కుర్చీ ఎవరికోసం తెచ్చిందో అప్పుడు అర్థమైంది.

భయమేసింది. మొదట తలుచుకున్నది పిల్లని. ఆదివారం రమ్మంది, రానని చెప్పించాను అనుకుంది. అదొక్కటే మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది బుర్రలో.

"పరీక్షలు చేయిద్దాం," అంటున్నాడు డాక్టరు. "నాకు తెలిసిన గుండె డాక్టరున్నాడు. ఇవన్నీ మనం..."

"చేయించుకుంటాను లెండి," అంది, చిన్నపిల్లాణ్ణి ఊరుకోబెట్టినట్టు. "మోటారు వేసుకోండి. వాళ్ళు భోజనానికి కాచుకుని ఉంటారు."

కనుమ మీద తమ్ముడు రొట్టెలు కోస్తున్నాడు. గైడు సైకిలు దిగుతూనే చెయ్యి చాపింది. "వ్యాను తాళాలివ్వరా. పాప దగ్గరికి వెళ్తున్నాను. మిగతా రెండు రోజులూ నువ్వు తిప్పు. ఎవరి సంచులు వాళ్ళనే మోసుకోమను."

"ఇంకా రెండు రోజులే కదక్కా, టూరు అయ్యాక..." అని తమ్ముడు తలెత్తాడు. తొమ్మిది మలుపులు ఎక్కొచ్చిన మనిషి నోట్లోంచి మాటలు ఒక్కటీ తెగకుండా వచ్చాయని అప్పుడు తెలిసినట్టుంది. చేతిలో కత్తి పక్కన పెట్టాడు. జేబులు రెండూ వెతికి తాళాలిచ్చాడు.

"రెండో గేరు గట్టిగా పడుతుంది, చూసుకో," అన్నాడు. రొట్టెల వైపు తిరిగి నిలబడ్డాడు.

దారంతా ఆవిడ పిల్లకి చెప్పాలనే అనుకుంది. తండ్రికి చెప్పలేదని పాతికేళ్ళు అందరినీ ఆడిపోసుకున్న మనిషి, తన పిల్ల దగ్గర ఎలా దాస్తుంది? ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకుంది. సాయంత్రం అయిదింటికి ఊరు చేరింది. హాస్టలు ఒక నిటారు సందు పైనుంది. వ్యాను కింద ఆపి సంచీ భుజాన వేసుకుని నాలుగడుగులు వేసిందో లేదో, పైన గేటు చప్పుడైంది. పిల్ల పరుగెత్తుకొస్తోంది. నాలుగు నెలల్లో పొడుగైంది. యూనిఫాం చేతులు పొట్టివైపోయాయి, మేనమామ పోలిక వచ్చేసింది.

ఆ పిల్లా ఆ కొండల్లోనే పుట్టింది. దానికీ చెవులున్నాయి.

గైడు గోడ పట్టుకుని వంగింది. నోరు తెరిచి రొప్పింది. మొదట చాలా వేగంగా వచ్చింది, అబద్ధమని తెలిసిపోయేలా ఉంది. కాస్త నెమ్మది చేసి, మధ్యలో దగ్గు కలిపింది.

"అమ్మా! సీజను అప్పుడే అయిపోయిందా?"

"అయి... పోయిందే."

"అబ్బో, ఈ ఆయాసమేంటి? నలుగుర్నీ కొండలెక్కించేది నువ్వేనా?" పిల్ల పకపకా నవ్వి తల్లి వీపు రాసింది. "ఎన్నాళ్ళుంటావు?"

"నువ్వు... విసుక్కునేదాకా."

పిల్ల సంచీ లాక్కుని ముందు నడిచింది. లెక్కల టీచరు మీద చాడీలు, పక్క మంచం అమ్మాయి గురక, అన్నీ ఒక్కసారే చెప్పెయ్యాలని దాని తొందర. సంచీ బరువైనది. పది అడుగులకే మాటలు తెగిపోయి, భుజాలు ఎగసిపడుతూ రొప్పడం మొదలుపెట్టింది. వెనకాల తల్లి తన రొప్పు ఆపేసి, నిలబడి, ఆ చప్పుడు చెవులారా వింది.

"వింటున్నావా అమ్మా?"

"వింటున్నా. చెప్పు."

పిల్ల వెనక్కి తిరిగేలోపు తల్లి మళ్ళీ రొప్పసాగింది.