ఇంకో వాయి వేయొచ్చు

నేను ఒక ఆయిల్ పుల్లని. కంపెనీ పుస్తకంలో నా పేరు డిప్‌స్టిక్ అని వేశారు గానీ, మండపేటలో ఆ పేరుతో నన్ను పిలిచిన పాపాన పోయినవాళ్లు లేరు. మూరెడు పొడుగు, చీపురుపుల్లంత నడుము, తలకు ఉంగరంలా వంచిన పసుపుపచ్చ పిడి, పాదాల దగ్గర రెండు గీతలు. వ్యాను ఇంజను పక్కనున్న గొట్టంలో నిలబడి, కాళ్లు ఆయిల్‌లో పెట్టుకుని ఉండటమే నా ఉద్యోగం.

నాకు వచ్చినవి రెండే మాటలు. ఆయిల్ పై గీత దాకా ఉంటే చాలు అంటాను. కింది గీతకు దిగితే చాలదు అంటాను. ఎంత ఉందో చెప్పగలను గానీ అది ఎంత పాతదో, ఎప్పుడు మార్చాలో నాకేం తెలుసు? ఫ్యాక్టరీలో నాకు ఆ చదువు చెప్పలేదు. నా ఖర్మ కొద్దీ మనుషులు నన్ను జీవితమంతా ఆ తెలియని ప్రశ్నే అడిగారు.

మొదటి యజమాని తణుకులో కోడిగుడ్ల వ్యాపారి. ఆయన ఏమీ అడగలేదు. బానెట్ ఎత్తితే గుడ్లు పగులుతాయనుకునేవాడో ఏమో, నా మొహం ఒక్కసారి కూడా చూడలేదు. ఆ చీకట్లో హాయిగా నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి వ్యాను మండపేటలో భాస్కరం ఇంటి ముందు ఉంది, నా మీదికి ఇద్దరు మగాళ్లు వంగి ఉన్నారు.

భాస్కరం పెళ్లిళ్లకు వంటలు చేసే మనిషి. చుట్టుపక్కల పదూళ్లలో ఆయన గుత్తొంకాయ తినకుండా పెళ్లయినవాళ్లు తక్కువ. ఆయన భార్య మంగతాయారు బూరెలు, గారెలు చూసుకుంటుంది. ఆమె తమ్ముడు ఏడుకొండలు బండి తోలి, వడ్డన దగ్గర నిలబడతాడు. భాస్కరానికి బండి తోలడం రాదు. ఏడుకొండలికి చారు పెట్టడం కూడా రాదు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు జారుకున్నా మిగిలిన ఇద్దరూ గుండిగలు బోర్లించుకుని కూర్చోవలసిందే. ఈ సంగతి బాగా తెలిసింది మంగతాయారుకు ఒక్కదానికే.

ఏడుకొండలు కంపెనీ పుస్తకం చదివించుకున్నాడు. ఇన్ని కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్ మార్చాలని అందులో ఉందట. కానీ మా మీటరు ముల్లు తణుకులోనే అలిగి ఆగిపోయింది. దాంతో అతను కిలోమీటర్లు వదిలేసి పెళ్లిళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇరవై పెళ్లిళ్లకు ఒకసారి ఆయిల్ మార్చాలన్నాడు. మరి పెద్దకర్మ భోజనాల సంగతేమిటని భాస్కరం అడిగాడు. చనిపోయినవాళ్ల ఊరికి కూడా అదే రోడ్డు గదా అన్నాడు ఏడుకొండలు. పెద్దకర్మకు స్వీటు ఒకటే ఉంటుంది, బరువు తక్కువ, కాబట్టి దాన్ని అరపెళ్లిగా కట్టాలని భాస్కరం తీర్పు చెప్పాడు. ఓణీల ఫంక్షను ముప్పాతిక పెళ్లి అయింది. మూఢం వచ్చి ముహూర్తాలు లేని నెలల్లో మాత్రం బండి ఎన్ని ఊళ్లు తిరిగినా ఆయిల్‌కు వయసు పెరగకూడదని ఇద్దరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.

అసలు భాస్కరానికి ఈ లెక్కల మీదే నమ్మకం లేదు. ఆయన ముప్పై ఏళ్లుగా బాణలి ముందు కూర్చున్నవాడు. మొదటిరోజే నన్ను గొట్టంలోంచి లాగి, కొసనున్న బొట్టును బొటనవేలి మీద వేసుకుని, చూపుడువేలితో నలిపి, వాసన చూశాడు. ఎండకేసి పట్టి ఒక కన్ను మూసి చూశాడు. నాలిక మీద కూడా వేసుకుంటాడేమోనని హడలి చచ్చాను.

"ఇంకో వాయి వేయొచ్చురా కొండలూ," అన్నాడు.

"ఇది బూరెలేసే నూనె కాదు బావా."

"నూనేగా."

అక్కడ మొదలైంది నా నరకం. పొద్దున్నే ఏడుకొండలు వచ్చి నన్ను లాగి, తువ్వాలుతో తుడిచి, ముంచి, తీసి, "నల్లబడింది," అనేవాడు. వెనకాలే భాస్కరం వచ్చి నన్ను లాగి, నడుముకు కట్టుకున్న గుడ్డతో తుడిచి, ముంచి, తీసి, "ఏం నలుపు? బెల్లప్పాకం రంగు," అనేవాడు. ఆ గుడ్డకు ఇంగువ వాసన ఉండేది. నేను మధ్యలో నిలబడి, బాబూ, ఆయిల్ పై గీత దాకా ఉంది, నాకు తెలిసింది అంతే, నన్నొదిలేయండి అని మొత్తుకునేవాణ్ణి. ఎవరు వింటారు? వాళ్ల తుడుపుళ్లకు నా రెండు గీతలూ అరిగి, దగ్గరగా చూస్తే తప్ప కనపడనంతగా మాసిపోయాయి.

ఒకసారి ఏడుకొండలు ఊళ్లో లేనప్పుడు భాస్కరం ఆయిల్ మొత్తం బేసినులోకి దింపి, రాత్రంతా తేర్చి, పల్చటి గుడ్డలో వడకట్టి మళ్లీ ఇంజనులో పోశాడు. నెయ్యి వడకట్టే గుడ్డ ముట్టుకుంటే ఊరుకోనని మంగతాయారు హెచ్చరించబట్టి పాత పంచె చింపాడు. ఏడుకొండలు తిరిగొచ్చి సంగతి తెలుసుకుని, మూతి ముడుచుకుని, వడకట్టిన ఆయిలంతా దింపించి కొత్తది పోయించాడు. ఇంకో పది వాయిలు రావలసిన నూనెను పారబోశాడని భాస్కరం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

చివరికి రాజీకి వచ్చారు. ఎప్పుడు మార్చినా సగమే మార్చాలి. పులిసిన అట్లపిండిలో కొత్త పిండి కలుపుతాం కదా, అలాగన్నమాట. రాజీ బాగానే ఉంది, ఇద్దరి పరువూ నిలిచింది. కొత్త ఆయిల్ పోసిన పూటే పాతది దాన్ని తనలో కలిపేసుకునేది. ఏడాది తిరిగేసరికి నా కాళ్ల కింద ఉన్నది ఆయిలో, ఉసిరి లేహ్యమో నాకే తెలియలేదు.

ఇంజను దగ్గడం మొదలుపెట్టాక గొంతులు లేచాయి. ఒకనాడు వరండాలో నిలబడి ఏడుకొండలు అనేశాడు. "నీ పాత నూనె వల్ల ఈ బండి దార్లో ఆగిందంటే, ఆ రోజుతో నా దారి నాది బావా."

భాస్కరం తగ్గలేదు. "నువ్వు కలిపే కొత్త నూనె వల్ల ఆగితే, నా దారి నాది."

లోపల బూరెలు వేస్తున్న మంగతాయారు చేతిలో గరిటె ఆగిపోయింది. బాణలిలో ఒక బూరె పగిలి పూర్ణం నూనె పాలైంది. ఇరవై ఏళ్ల వంటపనిలో ఆమె చేతిలో బూరె పగలడం అదే మొదటిసారి. ఎవరి నూనె వల్ల ఆగినా ఒకటి మాత్రం ఖాయం, బండి ఆగిన రోజున అటు తోడబుట్టినవాడో, ఇటు కట్టుకున్నవాడో ఆమెకు పరాయివాళ్లవుతారు. ఇద్దరికీ మాట మీద నిలబడే దిక్కుమాలిన అలవాటుంది. ఇదంతా తెలిసి ఆమె ఆ రోజు నుంచి వ్యాను స్టార్టు చేసినప్పుడల్లా పని ఆపి వింటూ ఉండేది.

ఆత్రేయపురం అవతల పెళ్లి. పగటి ముహూర్తం. తెల్లారి ఏడుకొండలు బండి స్టార్టు చేయగానే ఇంజనులో గజ్జెలు కట్టినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఈ పూట ఇది ఆగుతుందని నాకు తెలిసింది. మంగతాయారుకూ ఆ సంగతి తెలిసినట్టుంది. మగాళ్లిద్దరూ వెనక గుండిగలకు తాళ్లు కడుతున్నారు. మంగతాయారు గబగబా వచ్చి, బానెట్ ఎత్తి, నన్ను సర్రున లాగేసింది. ఖాళీ గొట్టాన్ని ఒక క్షణం చూసింది. సాంబారు కోసం పెట్టిన బుట్టలోంచి సన్నటి, పొడుగాటి లేత మునక్కాడ ఒకటి తెచ్చి అందులో దిగ్గొట్టింది. అది అచ్చంగా సరిపోయింది. నా చోటికి ఒక కాయగూర సరిపోతుందని అప్పటిదాకా నేనెరగను, చాలా చిన్నతనమనిపించింది.

నన్ను కొంగుతో తుడిచి గరిటెల మూటలో దాచి, ఆ మూట ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఒక పక్క చిల్లుల గరిటె, ఇంకో పక్క అట్లకాడ నన్ను ఎగాదిగా చూశాయి.

రావులపాలెం దాటి కాలవగట్టు ఎక్కాక ఇంజను ఒక్కసారి గట్టిగా మూలిగి, మాడు వాసన వేసి, ఆగిపోయింది. బావా బావమరుదులిద్దరూ చెరో తలుపు తెరుచుకుని దిగి, నడవాలా పరిగెత్తాలా అన్నట్టుగా ముందుకొచ్చారు. నన్ను ఎవరు ముందు లాగితే వాళ్లు గెలిచినట్టని వాళ్ల ఉద్దేశం. ఏడుకొండలు చెయ్యి ముందు పడింది. లాగాడు.

మునక్కాడ వచ్చింది.

సగం దాకా నల్లగా ఉంది, మిగతా సగం పచ్చగా ఉంది. ఏడుకొండలు అలవాటు కొద్దీ దాన్ని తువ్వాలుతో తుడిచి, గీతల కోసం వెతికాడు. భాస్కరం దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఆయన అలవాటు కొద్దీ రెండు వేళ్లతో నొక్కి చూశాడు.

"ఇంకా ఉడకలేదురా," అన్నాడు.

వాళ్లు తలెత్తేసరికి మంగతాయారు ఎదురుగా నిలబడి ఉంది. ఆమె చేతిలో నేనున్నాను.

"పుల్ల నా దగ్గరుంది. ఎవరి నూనె వల్ల ఇంజను పోయిందో ఇది చెప్పేస్తది. చెప్పించమంటారా?"

నాకేం తెలుసని? ఉన్న రెండు మాటలకు గుర్తుగా ఉన్న గీతలు కూడా అరిగిపోయాయి. కానీ వాళ్లిద్దరూ నన్ను చూసిన చూపు ఇంతకుముందు చూసిన చూపు కాదు. మనుషులు ఓడిపోతామని భయపడటం చాలాసార్లు చూశాను. గెలుస్తామేమోనని భయపడటం ఆ రోజే చూశాను. గెలిచినవాడు కూడా ఈ గట్టు మీద నుంచి ఇంటికి ఒంటరిగానే నడవాలి మరి.

భాస్కరం గొంతు సవరించుకున్నాడు. "ఆ పుల్ల సంగతి తర్వాత. ముందు పులిహోర సంగతి చూడండి."

"అంతే బావా, పులిహోర చల్లారిపోద్ది," అన్నాడు ఏడుకొండలు.

పులిహోర చల్లారితేనే రుచి అని ఆ ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరూ ఎంతో కంగారుగా దాని దగ్గరికి పరిగెత్తారు. మంగతాయారు నన్ను గుండెకు హత్తుకుని గట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు. రెండూ ఉన్నట్టున్నాయి.

వెనక నుంచి హారను కొట్టుకుంటూ ఒక బస్సు వచ్చి ఆగింది. చూస్తే అదే పెళ్లికి వెళుతున్న మగపెళ్లివారు. మగపెళ్లివారంటే ఎంత మర్యాద చెయ్యాలి, కాఫీలో చక్కెర ఒక పలుకు తగ్గినా ఎంత రాద్ధాంతం చెయ్యాలి. అలాంటిది వాళ్ల విందు వాళ్లే మోసుకోవలసి వచ్చింది. పెళ్లికొడుకు ఒళ్లో మజ్జిగపులుసు తపేలా పెట్టారు. మేనమామ పనసపొట్టు కూర పట్టుకున్నాడు. అలిగి కూర్చోవడానికి కిటికీ పక్క సీటు చూసుకున్న ఆడపడుచుకు బూరెల బుట్ట అప్పగించారు, దిగేసరికి బుట్టలో కాస్త వెలితి కనిపించింది. ఆ పెళ్లిలో భోజనాలు ఆలస్యమయ్యాయని ఒక్కరూ నోరెత్తలేదు. ఎవరెత్తుతారు, తెచ్చింది వాళ్లేనాయె.

వ్యానును ట్రాక్టరుకు కట్టి మండపేట షెడ్డుకు లాక్కొచ్చారు. మెకానిక్కు కింద బోల్టు విప్పితే ఆయిల్ కారలేదు, గరిటె జారుగా వచ్చింది. ఏ ఆయిల్ పోశారని అడిగితే ఇద్దరూ ఒకేసారి మంచిదేనన్నారు. అతను ముక్కున వేలేసుకుని ఇంజను మార్చే పని మొదలుపెట్టాడు. కొత్త ఇంజనుతో పాటు నా చోట్లోకి ప్లాస్టిక్ తల ఉన్న కుర్రపుల్ల వచ్చింది. దాని గీతలు మెరిసిపోతున్నాయి, ఎన్నాళ్లు ఉంటాయో చూద్దాం.

నన్ను మాత్రం మంగతాయారు వదల్లేదు. చింతపండు, బూడిద పెట్టి తోమి, సలసల కాగే నీళ్లలో వేసి, మళ్లీ తోమింది. మిగిలిన గీతలు కూడా పోయాయి. ఇప్పుడు నేను బాణలిలో బూరెలు తిప్పే పుల్లని. నన్ను ఏ ప్రశ్నా అడగరు. బూరె పక్కన తాకితే అదే గుండ్రంగా తిరుగుతుంది, నా పని అయిపోతుంది.

ఆయిల్ ఎప్పుడు మార్చాలన్న సంగతి ఇప్పుడు మంగతాయారు చేతిలో ఉంది. ఆమె పెళ్లిళ్లూ లెక్కపెట్టదు, రంగూ చూడదు. ఇద్దరిలో ఎవరి గొంతు లేచినా ఆ పూటే బండి షెడ్డుకు వెళ్లాలి, ఆయిల్ మొత్తం మార్చాలి, అదీ ఆమె పెట్టిన చట్టం. మొదట్లో గోంగూర మీద ఒకసారి, అరిటాకు కొస ఎటు ఉండాలన్నదాని మీద ఒకసారి, ఇలా ఎప్పుడూ షెడ్డులోనే ఉండేవారు. తేనెలా ఉన్న ఆయిల్‌ను పారబోయిస్తున్నారేంటండి బాబూ అని మెకానిక్కు నెత్తి కొట్టుకునేవాడు. జిల్లాలో అంత శుభ్రమైన ఆయిల్ తాగిన ఇంజను ఇంకోటి ఉండదు.

అయితే ఈ మధ్య కొత్త చిక్కు వచ్చింది. ఇద్దరూ కొట్లాడుకోవడం మానేశారు. నిన్న ఏడుకొండలు దిగాలుగా దొడ్లోకి వచ్చి, కొబ్బరి కోరుతున్న భాస్కరం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

"బావా, ఆయిల్ నల్లబడింది. ఓ మాట అనుకుందామా?"

భాస్కరం కోరడం ఆపి ఆలోచించాడు. "దేని మీద?"

"మొన్నటి పప్పులో ఉప్పు ఎక్కువైంది."

"నీ నాలిక మందం," అన్నాడు భాస్కరం, కాస్త గొంతు పెంచి. పెంచింది చాలదనిపించిందేమో, లేచి నిలబడి మళ్లీ అన్నాడు. ఏడుకొండలు కూడా లేచాడు. కానీ కోపం తెచ్చుకుందామంటే ఇద్దరికీ రావడం లేదు, ఒకడు మాట మరిచిపోతే రెండోవాడు అందిస్తున్నాడు.

మంగతాయారు వెనక్కి తిరగలేదు. ఆమె చేతిలో ఉన్నాను గనక నాకు తెలుసు, ఆమె భుజాలు నవ్వుతో కదిలిపోతున్నాయి, బూరెలు ఇష్టమొచ్చినట్టు దొర్లుతున్నాయి. కష్టం మీద గొంతు గట్టి చేసుకుని, బండి షెడ్డుకు తీసుకెళ్లమంది, ఇద్దర్నీ కలిసి వెళ్లమంది.

వాళ్లు చెప్పులేసుకున్నారు. గుమ్మం దాటబోతూ భాస్కరం వెనక్కి వచ్చి, నేనున్న బాణలిలోకి ఒక్కసారి తొంగిచూశాడు. వేలితో నలపలేదు, వాసన చూడలేదు.

"ఇంకో వాయి వేయొచ్చు తాయారూ," అన్నాడు.

ఇన్నేళ్లకు ఆ మాట సరైన నూనె దగ్గర అన్నాడు.