వంతెన దగ్గర ఒక్క బోర్డు

మా పార్కులో సైకిలు దారులు మూడున్నాయి: ఎరుపు, నీలం, ఆకుపచ్చ. అడవిలోంచీ పొలాల మధ్యనుంచీ పోయే ఆ తారురోడ్ల మీద ప్రతి మలుపులోనూ ఒక స్తంభం, దానికో బాణం బోర్డు ఉంటాయి. ఆ బోర్డులు చూసుకునే పని నాది. నాకు ముందు ముప్ఫై ఒక్క ఏళ్ళు మా నాన్నది. ఉద్యోగం నాన్న పేరు చెప్పి రాలేదు, పరీక్ష రాసి తెచ్చుకున్నాను. ఈ సంగతి మా ఆఫీసులో కొందరికి ఇంకా మింగుడుపడలేదు.

నాన్నకి మూడేళ్ళుగా మతిమరుపు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో అని వెతుక్కునే రకం కాదు. స్నానాలగది ఎటో అమ్మ చెయ్యి పట్టుకుని చూపించాలి. ఒక్కోరోజు నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు?" అంటాడు. సైకిలెక్కితే మాత్రం వేరే మనిషి. ఆకుపచ్చ బాణం ఎటు చూపిస్తే అటు తిరుగుతాడు. ఆ దారి మా ఇంటి పక్క షెడ్డు దగ్గర మొదలై, ఇరవై కిలోమీటర్లు చుట్టి, మళ్ళీ షెడ్డుకే వస్తుంది. పొద్దున ఏడింటికి బయల్దేరితే తొమ్మిదిన్నరకి ఇంట్లో ఉంటాడు. డాక్టరు వద్దన్నాడు, అమ్మ వద్దంది. నేనే పట్టుబట్టాను. "ఇంట్లో కూర్చోబెడితే నెల తిరక్కుండా మంచం పడతాడు. బోర్డులు పెట్టేది నేను. పూచీ నాది" అన్నాను. పెద్ద పోటుగత్తెలా.

ఇక నేను చేసిన నిర్వాకం చెప్తాను.

నీళ్ళ ట్యాంకు దిగువన మొక్కజొన్న వేసిన రైతు, కోత యంత్రం వస్తోంది, పది రోజులు మా చేను పక్క నుంచి సైకిళ్ళు రానివ్వొద్దని అడిగాడు. అంటే ఆకుపచ్చ దారిని మళ్ళించాలి. అడవి చుట్టి ట్యాంకు దగ్గరకొచ్చినవాళ్ళని పొలాల్లోకి దింపకుండా ఎడమకి తిప్పి, అడవి అంచు వెంట, వెళ్ళేటప్పుడు దాటిన వంతెనకే మళ్ళీ తేవాలి. వంతెన నుంచి ఇంటికి మూడు కిలోమీటర్లూ ఒకటే రోడ్డు, చీలికలేం లేవు. వంతెన దగ్గర 'ఇటు ఇల్లు' అని ఒక్క బోర్డు బిగిస్తే చాలు.

దారి మళ్ళించేటప్పుడు నాన్నకి ఒక పద్ధతి ఉండేది. చివరి బోర్డు ముందు బిగించి, వెనక్కి వస్తూ, మొదటి బోర్డు ఆఖర్న తిప్పేవాడు. చాదస్తం అనేదాన్ని. మొన్న మా ఆఫీసు బండి ట్యాంకు దగ్గరే ఆగి ఉంది కదా అని అక్కడే మొదలుపెట్టాను. ట్యాంకు దగ్గర బాణం ఎడమకి తిప్పాను. అడవి అంచున నాలుగు బోర్డులు పెట్టాను. వంతెనకి వచ్చేసరికి బోల్టులు అయిపోయాయి. అక్కడున్నది ఒకటే బాణం, అడవిలోకి చూపించేది. కొత్త బోర్డుని బాణం కనబడకుండా తిరగేసి ఆ స్తంభానికి ఆనించి, పొద్దున్నే వచ్చి బిగిద్దాంలే అనుకుని ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను.

పొద్దున ఆరింటికి ఆఫీసరు ఫోను. ఎరుపు దారి మీద చెట్టు కూలింది, వెంటనే వెళ్ళమన్నాడు. వెళ్ళాను. వంతెన సంగతి నా బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది. మతిమరుపు నాన్నకని చెప్పాను కదా, నవ్వుకోండి.

ఎరుపు దారి పోయే కొండమీద ఫోను పలకదు. పన్నెండున్నర దాటాక కిందికి దిగితే అమ్మ నుంచి తొమ్మిది కాల్స్.

"ఎక్కడ చచ్చావే? మీ నాన్న ఇంకా రాలేదు!"

"ఫోను తీసుకెళ్ళలేదా?"

"ఫ్రిజ్‌లో పెట్టి పోయాడు, గుడ్ల పక్కన. నువ్వేగా పూచీ అన్నావు? తీసుకురా మరి!"

అప్పుడు గుర్తొచ్చింది. వంతెన దగ్గర బాణం అడవిలోకి. అడవిలో బాణాలు ట్యాంకుకి. ట్యాంకు దగ్గర బాణం వంతెనకి. వంతెన దగ్గర మళ్ళీ అడవిలోకి. మా నాన్నని నేను గానుగకి కట్టేశాను. ఐదు గంటల నుంచీ తిరుగుతున్నాడు.

బండి నడిపే ఆయన్ని అందరం గడియారం అంటాం, అడిగినా అడక్కపోయినా టైము చెప్తాడు కాబట్టి. "ఒంటిగంట కావస్తోందమ్మా" అన్నాడు. "రెండింటికి లారీలు."

ఆ మాట అనకుండా ఉంటే బావుణ్ణు. అడవి రోడ్డు పొద్దున సైకిళ్ళకి, రెండు దాటాక దుంగల లారీలకి. ఆ వేళప్పుడు సైకిలు ఎదురొస్తుందని ఏ డ్రైవరూ అనుకోడు. దుంగల యార్డుకి ఫోను చేస్తే ఎత్తలేదు. ఆఫీసుకి చేస్తే సారు మీటింగులో ఉన్నారన్నారు. ఆ మీటింగు తగలబడ!

"నన్ను వంతెన దగ్గర దింపేసి, బయటి రోడ్డున యార్డుకి పో అన్నా. గేటుకి బండి అడ్డం పెట్టు. ఎవడు తిట్టినా కదలకు."

వంతెన అవతల, స్తంభం దగ్గర నీరు కారి బురదగా ఉంటుంది. ఆ బురదలో సన్నటి టైరు గీతలు, అన్నీ ఒకే వైపుకి, అడవి వైపుకి. లెక్కపెట్టాను. ఆరు. చివరి రెండూ తిన్నగా లేవు, వంకర్లు పోయాయి. అక్కడే కూలబడి ఏడ్చాను. తర్వాత తిట్టుకున్నాను. అటు పరిగెడదామా అంటే ఎక్కడున్నాడో తెలీదు, నేను అటుపోతే ఇటొస్తాడేమో. వచ్చేదాకా ఆగడం తప్ప గతి లేదు. ఒకటీ ఇరవై. ఒకటిన్నర. ఎప్పుడూ మొక్కనిదాన్ని, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను.

ఒకటీ నలభై ఐదుకి అడవి అంచున కనిపించాడు. సైకిలు తొక్కడం లేదు, దాని మీద వాలిపోయి తోసుకుంటూ వస్తున్నాడు. పెదాలు పగిలి నెత్తురు. ఒక కాలికి చెప్పు లేదు.

"నాన్నా!" అని పరిగెత్తి హ్యాండిలు పట్టుకున్నాను. బెదిరిపోయాడు. "వదులు! నా సైకిలు వదులు!" అని అరుస్తూ నా చెయ్యి కొరికాడు. వదిలేశాను. పోయిన నెల అమ్మ చెయ్యి పట్టుకుని లాగితే తల గోడకేసి కొట్టుకున్నాడు, ఏడు కుట్లు పడ్డాయి. బలవంతం చెయ్యకూడదు.

నీళ్ళ సీసా ఇస్తే మాత్రం ఆగి, గటగటా తాగాడు.

"ఇటు రండి. ఇల్లు ఇటు" అన్నాను, దూరంగా నిలబడి.

నన్ను జాలిగా చూశాడు. "నీకు తెలీదమ్మా. బోర్డు అటు చూపిస్తోంది."

"ఆ బోర్డు తప్పు."

"తప్పేంటి?" కోపం వచ్చింది ఆయనకి. "మా అమ్మాయి పెట్టింది. అది తప్పు పెట్టదు. దారి ఈమధ్య కొంచెం పొడుగైంది గానీ, ఇల్లు వస్తుంది."

వణికే కాలెత్తి సైకిలెక్కాడు. అడవిలో దూరంగా హారను మోగింది. రెండు కాకుండానే, గడియారం చేరేలోపే ఒక లారీ బయల్దేరినట్టుంది.

బోల్టులు లేవు, పానా లేదు. స్తంభానికి ఆనించిన కొత్త బోర్డు అక్కడే ఉంది. దాన్ని తీసుకుని, స్తంభానికి వీపు ఆనించి, పాత బాణం కనబడకుండా అడ్డంగా నిలబడి, కొత్త బాణాన్ని ఇంటివైపు తిప్పి గుండెలకి ఎత్తి పట్టుకున్నాను. మోచేతులు పక్కటెముకలకి అదిమిపెట్టాను. బోర్డు ఊగకూడదు.

నాన్న నా ముందుకొచ్చి ఆగాడు. నా మొహం చూడలేదు. బాణం చూశాడు.

"ఇందాక ఇది లేదే?"

"ఇప్పుడే పెట్టారండీ" అన్నాను.

"ఎవరు?"

"మీ అమ్మాయే."

చెయ్యి చాపి బోర్డు అంచు తడిమాడు. రంగు అంటుకుందేమోనని వేలు చూసుకున్నాడు. తర్వాత హ్యాండిలు ఇంటివైపు తిప్పాడు. ఆయన వంతెన దాటి పాతిక గజాలు పోయాడో లేదో, అడవిలోంచి వచ్చిన దుంగల లారీ నా పక్కనుంచి అడవి అంచు రోడ్డెక్కి దుమ్ము లేపుతూ దూసుకుపోయింది. నాన్న వెనక్కి తిరిగి చూస్తాడేమోనని, కనుమరుగయ్యేదాకా ఆ బోర్డు దించలేదు.

తర్వాత పరిగెత్తాను. మూడు కిలోమీటర్లూ ఆయన వెనకాలే, ఆయనకి కనబడకుండా.

నేను గుమ్మంలోకి వచ్చేసరికి నాన్న కుర్చీలో ఉన్నాడు. అమ్మ ఆయన పాదాలు కడుగుతోంది, ఏడుస్తూనే తిడుతోంది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

"వంతెన దగ్గర ఎవరో పిల్ల" అంటున్నాడు అమ్మతో. "ఒక్కతే నిలబడి ఏడుస్తోంది, పాపం. దానికి ఇంటికి దారి తెలిసినట్టు లేదు. మనమ్మాయి రాగానే చెప్పు, ఆ పిల్ల కోసం అక్కడో బోర్డు పెట్టమని."